గురక అనుకుని వదిలేయకండి: ఓవర్‌డోస్ గురించి ఊళ్లో, హాస్టల్లో, ఇంట్లో చెప్పడం ఎలా

రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకోబెట్టారు. గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు కదా అని తలుపు దగ్గరగా వేసి వచ్చేశారు. తెల్లారి లేపితే లేవలేదు. మత్తు ఎక్కువై పోయిన ప్రాణాల వెనక తరచూ వినిపించే మాట ఇదే. పక్కన మనుషులుంటారు, చేతిలో ఫోన్లుంటాయి, 108 ఉంటుంది. అది గురక కాదని తెలియక కొందరు ఆగిపోతారు. తెలిసినవాళ్లు కూడా "పోలీసులొస్తారేమో", "వార్డెన్‌కి తెలిస్తే ఇంటికి పంపేస్తారు", "వీళ్ల నాన్నకి ఏం చెప్తాం" అని గుసగుసలాడుకుంటూ ఆగిపోతారు. ఆ గుసగుసలకు పట్టే సమయంలోనే ఊపిరి ఆగుతుంది. ప్రథమ చికిత్స నేర్పి సిగ్గు, భయం సంగతి వదిలేస్తే ఆ నేర్చుకున్నది అవసరానికి పనికిరాదు. ఆశా కార్యకర్తలు, ఎన్‌ఎస్‌ఎస్ నడిపే లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు, యువజన సంఘాలవాళ్లు, ఇంట్లో మత్తుమందు వాడే మనిషి ఉన్నవాళ్లు ఈ రెండూ కలిపి ఎలా చెప్పాలో చూద్దాం.

ఓవర్‌డోస్ అంటే ఏమిటి

"ఓవర్‌డోస్" అనగానే మనవాళ్లలో చాలామంది ఆత్మహత్యాయత్నం అనుకుంటారు. ఎక్కువ శాతం అలా కాదు. రోజూ వేసుకునేదే వేసుకున్నారు, కాకపోతే సరుకు గాఢత మారింది, లేదా దాని మీద మందు తాగారు, లేదా నెల రోజులు మానేసి మళ్లీ పాత మోతాదుకే వెళ్లారు. సభలో మొదట చెప్పాల్సింది ఇదే. చావాలనుకున్నాడని తేల్చేసుకున్న చోట జనం సాయం చేయడానికి కూడా జంకుతారు.

ప్రాణం తీయడంలో ముందుండేది ఓపియాయిడ్ జాతి, అంటే నల్లమందులా పనిచేసే మందులు. హెరాయిన్ ఒక్కటే అనుకోకండి. నొప్పికి రాసే ట్రమడాల్, టపెంటడాల్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు, పెంటజోసిన్ ఇంజెక్షన్, అన్నీ ఈ కుటుంబానివే. ఇవి మెదడులో ఊపిరిని నడిపే భాగాన్ని నెమ్మదింపజేస్తాయి. నిద్రలో కూడా మన ప్రమేయం లేకుండా ఊపిరి నడిపించేది ఆ భాగమే. అది మందగిస్తే మనిషికి ఊపిరాడటం లేదన్న ఉక్కిరిబిక్కిరి కూడా తెలియదు. అందుకే గింజుకోరు, అరవరు. నిశ్శబ్దంగా పోతారు.

రెండో రకం నిద్రమాత్రలు: అల్ప్రాజోలం, డైజిపాం, నైట్రాజిపాం. విడిగా వేసుకుంటే ఊపిరి మీద వీటి దెబ్బ కొంత తక్కువ. మద్యం మీదో, ట్రమడాల్ మీదో పడితే రెండూ కలిసి ఊపిరిని అణిచేస్తాయి. "రెండే గోలీలు వేశాడు, రెండే పెగ్గులు తాగాడు" అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇదంతా ఎక్కడో పంజాబ్ గొడవ అనుకునేవాళ్లకు ఒక లెక్క చెప్పండి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని, వాళ్లలో 77 లక్షల మందికి చికిత్స అవసరమని అందులో తేలింది. వైద్యానికి కాకుండా నిద్రమాత్రలు వాడేవాళ్లు కోటి దాటారు.

గుర్తుపట్టడం: మూడు చూపులు

ఒకటి, లేపండి. పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం కుదపండి. పలక్కపోతే పిడికిలి బిగించి, వేళ్ల కణుపులతో ఛాతీ మధ్య ఎముక మీద గట్టిగా రుద్దండి. మీ ఛాతీ మీద మీరే ఒకసారి చేసుకుని చూడండి, ఎంత నొప్పిగా ఉంటుందో తెలుస్తుంది. ఎంత మొద్దు నిద్రలో ఉన్నా మనిషి ముఖం చిట్లిస్తాడు, చెయ్యి తోసేస్తాడు. ఏమీ చేయలేదంటే అది నిద్ర కాదు.

రెండు, ఊపిరి లెక్కపెట్టండి. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఛాతీనీ పొట్టనీ చూస్తూ, ఫోన్లో సెకన్లు చూసుకోండి. 5 సెకన్లకు ఒక్క ఊపిరి కూడా రావడం లేదంటే ప్రమాదం మొదలైనట్టే. గురకను కూడా జాగ్రత్తగా వినండి. మామూలు గురకకు ఒక లయ ఉంటుంది. నాలుక వెనక్కి పడి, గొంతులో నీళ్లు నిలిచి వచ్చే శబ్దం గరగరలాడుతుంది, మధ్యలో ఆగి ఆగి వస్తుంది. "ఈ రోజు గురక కొత్తగా ఉంది" అనిపించిందా, అక్కడే ఆగి లేపి చూడండి.

మూడు, రంగు. పెదాలు నీలంగా మారతాయని పుస్తకాల్లో రాస్తారు. చామనఛాయ మనుషుల్లో, నల్లటి మనుషుల్లో ఆ నీలం పైకి కనపడదు. ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది. కింది పెదవి తిప్పి లోపలి భాగం చూడండి, గోళ్ల కింద చూడండి, అరచేయి చూడండి. ఓపియాయిడ్ అయితే కనుపాప గుండుసూది మొనంత అవుతుంది. అది కనపడితే అనుమానం బలపడుతుంది, కనపడకపోయినా ఆగకండి. వేరే మందులు కలిసి ఉంటే పాప చిన్నదవకపోవచ్చు.

మొదటి ఐదు నిమిషాలు

ముందు 108. ఈ సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలైంది, ఇప్పుడు పసిపిల్లలకు కూడా ఆ నంబరు తెలుసు. అయినా ఫోన్ ఎత్తాక తడబడతారు. చెప్పాల్సింది రెండు వాక్యాలే: "మనిషికి స్పృహ లేదు, ఊపిరి సరిగా ఆడటం లేదు." తర్వాత చోటు: ఊరు, వీధి, దగ్గర్లోని గుడో వాటర్ ట్యాంకో. ఏం తీసుకున్నాడన్నది ఫోన్లో చెప్పడానికి నోరు రాకపోతే ఆ క్షణానికి వదిలేయండి, బండి ఎలాగూ బయల్దేరుతుంది. బండిలో వచ్చిన ఈఎంటీకి (అంబులెన్స్‌లో ఉండే వైద్య సహాయకుడికి) మాత్రం ఏదీ దాచకండి. ఖాళీ షీట్లు, సీసా, సిరంజి ఏవి దొరికితే అవి ఒక కవరులో వేసి చేతికివ్వండి. సూది ఉంటే మూత పెట్టే ప్రయత్నం చేయకండి, గుచ్చుకునేది అప్పుడే. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్లో వేసి మూత బిగించండి. ఒకరిని రోడ్డు మీదకు పంపి టార్చ్ పట్టుకుని నిలబడమనండి. సందులో ఇల్లు వెతకడానికి అంబులెన్స్ నడిపే పైలట్‌కు పట్టే నిమిషాలు అలా మిగులుతాయి.

బండి వచ్చేదాకా ఊపిరి మీరే ఇవ్వాలి. వెల్లకిలా పడుకోబెట్టి, నుదుటి మీద ఒక చెయ్యి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల వెనక్కి వంచండి. నోట్లో వాంతి, పాన్‌మసాలా, కట్టుడుపళ్లు ఉంటే పక్కకు తిప్పి వేలికి గుడ్డ చుట్టి తీసేయండి. ముక్కు మూసి, మీ నోరు వాళ్ల నోటికి పూర్తిగా ఆనించి, ఒక సెకను పాటు ఊదండి. ఛాతీ పైకి లేవాలి. లేవలేదంటే తల సరిగా వంచలేదని అర్థం, బలంగా ఊదినంత మాత్రాన గాలి వెళ్లదు. 5 సెకన్లకు ఒకటి చొప్పున ఇస్తూ ఉండండి. ఊపిరి పూర్తిగా ఆగి, ఒంట్లో ఏ కదలికా లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్లేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. 30 నొక్కుళ్లకు 2 ఊపిర్లు. నోటితో ఊదడానికి మనసొప్పకపోతే నొక్కడం మాత్రం ఆపకండి.

ఊపిరి బాగానే ఆడుతూ స్పృహ మాత్రం లేకపోతే పక్కకు తిప్పాలి. మీ వైపున్న చెయ్యిని మోచేతి దగ్గర వంచి నేల మీద బయటికి చాపండి. అవతలి చెయ్యిని ఛాతీ మీదుగా తెచ్చి ఆ చేతి వెనక భాగం మీ వైపు చెంప కింద పెట్టండి. అవతలి మోకాలు పైకి వంచి, దాన్ని పట్టుకుని మీ వైపు లాగండి. ఒళ్లు తనంతట తనే తిరుగుతుంది, అరవై కిలోల మనిషిని కూడా నలభై కిలోల పిల్ల తిప్పగలదు. నోరు కాస్త కిందికి, తల కాస్త వెనక్కి. ఇలా ఉంటే వాంతి బయటికి పోతుంది, గొంతులో పడదు. వెల్లకిలా వదిలేసిన మనిషి తన వాంతికి తనే ఊపిరాడక పోవచ్చు.

మనవాళ్లు చేసే పొరపాట్లు

అవగాహన సభల్లో ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. ఎందుకంటే జనం ఊరికే కూర్చోరు, ఏదో ఒకటి చేస్తారు. ఆ చేసేదే కొంప ముంచుతుంది.

మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు పట్టడం మొదటిది. స్పృహలేని మనిషికి మింగే శక్తి ఉండదు. పోసిందంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతులో వేలు పెట్టి కక్కించడం కూడా అంతే ప్రమాదం. బకెట్‌తో చన్నీళ్లు కుమ్మరిస్తే ఒక్క క్షణం ఉలిక్కిపడొచ్చు, తర్వాత ఒళ్లు చల్లబడి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. చెంపలు వాయించడం, ఇద్దరు చెరో భుజం పట్టుకుని వరండాలో నడిపించడం, ఇవేవీ ఊపిరిని పెంచవు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా పెట్టడం వద్దు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, ఫిట్స్ ఆగాక పక్కకు తిప్పండి. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయని గుర్తుంచుకోండి.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజు ఎక్కించడంలో జరుగుతుంది. బాటిల్ వేలాడుతూ ఉంటే వైద్యం జరుగుతోందన్న భరోసా. ఊపిరి ఆగిపోతున్న మనిషికి నరంలో ఎక్కే ఉప్పునీళ్లు ఏం చేస్తాయి? బాటిల్ అయ్యేలోపు గంట గడుస్తుంది. ఆర్‌ఎంపీలను తిట్టి ప్రయోజనం లేదు, పల్లెల్లో జనం ముందు తట్టేది వాళ్ల తలుపే. వాళ్లనూ సభకు పిలవండి. "స్పృహ లేకపోతే సెలైన్ పెట్టకుండా ముందు 108" అని వాళ్ల నోటితోనే చెప్పించండి.

కొకైన్, ఎండీఎంఏ, మెఫెడ్రోన్ లాంటి ఉత్తేజం పెంచే మత్తుమందుల దారి వేరు. వీటిలో మనిషి మగతగా ఉండడు, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, భయపడిపోయి గింజుకుంటాడు. చుట్టూ జనాన్ని తప్పించి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, మెడ, చంకల మీద తడిగుడ్డలు వేయండి. ఛాతీలో నొప్పి, ఫిట్స్, ఒళ్లు విపరీతంగా వేడెక్కడం, వీటిలో ఏదున్నా 108. నీళ్లు కొద్దికొద్దిగానే ఇవ్వండి. లీటర్లకు లీటర్లు తాగిస్తే రక్తంలో సోడియం పడిపోయి అదో ప్రమాదం.

జ్వరం మాత్ర పారాసిటమాల్ సంగతి కూడా ఒక నిమిషం చెప్పి తీరాలి. ఎక్కువ మింగినవాళ్లు మొదటి రోజంతా మామూలుగానే కనిపిస్తారు, ఆ లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. దానికి విరుగుడు ఉంది. మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకండి. కావాలని మింగారేమో అన్న అనుమానం ఉంటే మనిషిని ఒంటరిగా వదలకండి. ఆసుపత్రి తర్వాత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు తెలుగులోనే, ఏ వేళలోనైనా మాట్లాడొచ్చు.

నలోక్సోన్

ఓపియాయిడ్‌కు విరుగుడు నలోక్సోన్. మెదడులో ఓపియాయిడ్ పట్టుకున్న చోటు నుంచి దాన్ని నెట్టేసి తను కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. మన దగ్గర ఇది ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలో, ఒక మిల్లీలీటరుకు 0.4 మిల్లీగ్రాముల లెక్కన, ఆసుపత్రుల్లో ఉంటుంది. నిద్రమాత్రల మీదా మద్యం మీదా ఇది పనిచేయదు, ఇచ్చినా హాని లేదు. మర్చిపోకూడనిది ఒకటుంది: దీని పని 30 నుంచి 90 నిమిషాలే. ట్రమడాల్ లాంటిది ఒంట్లో అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికెళ్తా" అన్న మనిషే గంట తర్వాత మళ్లీ పడిపోవచ్చు. పైగా విరుగుడు పడగానే ఒళ్లు నొప్పులు, వాంతులు, చిరాకు మొదలవుతాయి. తిడతారు, తోసేస్తారు. అది మందు వల్ల వచ్చిన బాధ, మీ మీద కోపం కాదు. కాసేపు పక్కనే కూర్చోండి.

మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నలోక్సోన్ ఉందో లేదో వెళ్లి మెడికల్ ఆఫీసర్‌ని అడగండి. లేకపోతే పెట్టమని అడిగే హక్కు ఊరివాళ్లకుంది.

కల్లు కాంపౌండు దగ్గర చెప్పాల్సింది

తెలంగాణలో ఈ విషయం ఎత్తకుండా ఓవర్‌డోస్ సభ పెడితే సగం మాటే చెప్పినట్టు. చెట్టు కల్లు చాలక, సీసాల్లో వచ్చేదాంట్లో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కూలి పని చేసి ఒళ్లు నొప్పులకు సాయంత్రం ఒక సీసా తాగే మనిషి తను "డ్రగ్స్" వాడుతున్నానని కలలో కూడా అనుకోడు. అందుకే ఇక్కడ "మాదకద్రవ్యాలు" అన్న బ్యానర్ కట్టకండి. "కల్లు తాగాక లేవకపోతే ఏం చేయాలి" అని రాయండి, జనం ఆగి వింటారు.

దీనికో రెండో ముఖం ఉంది. రోజూ తాగేవాళ్లకు ఒక్కసారిగా దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, సంబంధం లేని మాటలు, ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ఆసుపత్రి ఇలాంటి వాళ్లతో నిండిపోయింది. "దయ్యం పట్టింది" అన్నవాళ్లూ ఉన్నారు. అది కల్లులో కలిపిన మందు ఆగినందువల్ల మెదడు చేసే గోల. డాక్టరు చేతిలో, మోతాదు తగ్గించుకుంటూ మాన్పించాలి. గదిలో పెట్టి తాళం వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

"పోలీసు కేసు అవుతుందా?"

ఈ ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. డొంకతిరుగుడు లేకుండా చెప్పండి. ఆసుపత్రి దీన్ని ఎంఎల్‌సీగా (మెడికో లీగల్ కేసుగా) రాసుకుని పోలీసులకు తెలియజేయొచ్చు. అది నమోదు, శిక్ష కాదు. ముందు పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు వెంటనే వైద్యం చేయాలి, ఫార్మాలిటీలు తర్వాత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో వాడకం కూడా నేరమే, 27వ సెక్షన్. అదే చట్టంలో 64ఏ అని ఒకటుంది: వ్యసనంలో ఉన్న మనిషి తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే, వాడకానికీ కొద్దిపాటి పరిమాణానికీ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. ఆ చట్టం దృష్టిలో మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో వచ్చేది మానసిక అనారోగ్యం కిందికే వస్తుంది.

లేని హామీలు మాత్రం ఇవ్వకండి. రోడ్డు ప్రమాదంలో సాయపడినవాళ్లకు 2019 మోటారు వాహనాల సవరణలో రక్షణ ఉంది. ఓవర్‌డోస్‌కు ఫోన్ చేసినవాళ్లకు అలాంటి ప్రత్యేక సెక్షన్ మన దగ్గర లేదు. కుర్రాళ్లకు ఇది తెలుసు. మీరు అబద్ధమాడితే మిగతా నిజాలు కూడా నమ్మరు.

నంబర్లు కలిపేయకండి. 108 ప్రాణానికి. 14446 మానాలనుకునేవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు సలహా ఇచ్చే జాతీయ నంబరు. 1933 ప్రధానంగా మత్తుమందుల అమ్మకాల మీద అధికారులకు సమాచారమివ్వడానికి. మూడూ ఒకే అట్ట మీద ఒకే సైజులో రాస్తే చూసేవాడికి పోలీసు నంబరే కనపడుతుంది. 108 పెద్దగా, 14446 దాని కింద. మూడోది వేరే అట్ట మీద.

నోటి నుంచి వచ్చే మాట

"గంజాయి బ్యాచ్" అన్న మాట పేపర్లలో, యూట్యూబ్ తంబ్‌నెయిళ్లలో ఎంత మామూలైందంటే, పదో తరగతి పిల్లలు ఒకరినొకరు అలా పిలుచుకుంటున్నారు. ఆ ముద్ర పడ్డ కుర్రాడు పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు మెల్లగా జారుకుంటారు. వాళ్లకీ ఆ ముద్ర అంటుతుందని. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరును తిట్టుగా వాడటం ఇంకోటి. "వాణ్ణి ఎర్రగడ్డకు పంపండి" అని నవ్వుకున్న ఇంట్లోనే రేపు ఒక తల్లి కొడుకును అక్కడికి తీసుకెళ్లాల్సి వస్తే ఆమె కాలు ముందుకు పడుతుందా? అక్కడ వ్యసనాలకు వైద్యం జరుగుతుందన్నది ఆ నవ్వు కింద కప్పబడిపోయింది.

మీ కరపత్రాల్లో "మత్తుకు బానిస" బదులు "మత్తు అలవాటుతో బాధపడుతున్న మనిషి" అని రాయండి. కాస్త పొడుగే, అలవాటవుతుంది. "మళ్లీ చెడిపోయాడు" బదులు "మళ్లీ మొదలైంది". "శుభ్రంగా ఉన్నాడు" అనకండి, అప్పుడు నిన్నటిదాకా మురికిగా ఉన్నట్టు. "ఆరు నెలలుగా వాడటం లేదు" చాలు. భాష మారితే రోగం నయం కాదు, నిజమే. ఆ మాటలు విన్న అవతలి మనిషి మీతో నిజం చెప్పొచ్చో లేదో తేల్చుకుంటాడు. ఎంత వేసుకున్నాడో డాక్టరుకు చెప్పాల్సిన సమయం వచ్చినప్పుడు అది అక్కరకొస్తుంది.

పుర్రె బొమ్మలు, సిరంజి బొమ్మలు, గొలుసులు వేసిన చేతుల బొమ్మలు పోస్టర్లలో వద్దు. భయపెట్టడానికి వేసే ఆ బొమ్మలు వాడనివాళ్లకు "అది నా గొడవ కాదు" అని చెబుతాయి, వాడేవాళ్లకు తలుపు మూస్తాయి.

సభ నడపడం

ముప్పై మందికి మించకుండా, నలభై నిమిషాలు. మైదానంలో ఐదొందల మందిని కూర్చోబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తే ఫోటో బాగుంటుంది, ఛాతీ ఎముక ఎక్కడ రుద్దాలో ఒక్కరికీ రాదు. మొదటి పది నిమిషాలు గుర్తులు. తర్వాతి పదిహేను చేత్తో చేయడం: జంటలుగా విడగొట్టి, చాపల మీద ఒకరినొకరు పక్కకు తిప్పమనండి. అమ్మాయిలు అమ్మాయిలతో, అబ్బాయిలు అబ్బాయిలతో ఉంటే మొహమాటం తగ్గుతుంది. ఛాతీ నొక్కడం మాత్రం మనుషుల మీద నేర్పకండి. బొమ్మ దొరక్కపోతే గట్టి దిండు చాలు. ఐదు నిమిషాలు ఫోన్ రిహార్సల్: ఒకరు 108 ఆపరేటర్, ఒకరు ఫోన్ చేసేవాళ్లు. హాస్టల్ చిరునామా కూడా సరిగా చెప్పలేకపోతున్నామని అప్పుడే బయటపడుతుంది.

మిగిలిన పది నిమిషాలు ప్రశ్నలకు. చేతులెత్తి ఎవరూ అడగరు. తలా ఒక చీటీ, ఒకే రంగు పెన్ను ఇచ్చి, ప్రశ్న ఉన్నా లేకపోయినా అందరూ మడిచి డబ్బాలో వేయాలని చెప్పండి. ఖాళీ చీటీలు కూడా పడాలి, అప్పుడే రాసినవాళ్లు బయటపడరు. చదివేటప్పుడు చేతిరాత గురించి, భాష గురించి ఒక్క జోక్ కూడా వద్దు. అయిపోయాక చీటీలు అందరి ముందే చింపేయండి.

మాట్లాడటానికి 108 ఈఎంటీ దొరికితే అంతకంటే మంచి మనిషి లేరు. పీహెచ్‌సీ డాక్టరు, ఏఎన్‌ఎం కూడా మంచిదే. యూనిఫాంలో పోలీసును మొదటి సభకు పిలవకండి. వస్తానంటే "ఫోన్ చేసినవాళ్లను ఇబ్బంది పెట్టం" అన్న మాట ఆయన తన స్టేషన్ తరఫున చెప్పగలరేమో ముందే అడగండి. చెప్పలేనంటే రావద్దని మర్యాదగా చెప్పండి.

అట్టలు ప్రిన్సిపాల్ గది బయట నోటీసు బోర్డుకు కాకుండా బాత్రూం తలుపుల లోపలి వైపు, మెస్‌లో చేతులు కడిగే చోట అతికించండి. ఎవరూ చూడనప్పుడే ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు. అట్ట మీద నాలుగు ముక్కలు చాలు: లేపు, ఊపిరి చూడు, 108, పక్కకు తిప్పు.

మానేసి ఇంటికొచ్చినవాళ్లు

డీఅడిక్షన్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాలు చాలా ప్రమాదం. వాడకం ఆగినప్పుడు ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది, ఆశ మాత్రం మిగులుతుంది. పాత మోతాదులో సగం కూడా ప్రాణం తీయొచ్చు. ఇంటివాళ్లు మాత్రం "గండం గడిచింది" అని ఊపిరి పీల్చుకునే సమయం అదే. ఈ సంగతి ఇంటికొచ్చిన మనిషికి నేరుగా చెప్పాలి. "మళ్లీ చేస్తే చంపేస్తా" అనకుండా, "ఎప్పుడైనా జారితే గడియ పెట్టుకోకు, ఒంటరిగా ఉండకు, మమ్మల్ని పిలువు" అనండి. అలా చెప్తే అనుమతి ఇచ్చినట్టవుతుందని పెద్దలు భయపడతారు. గడియ వేసిన బాత్రూం తలుపు విరగ్గొట్టాల్సి రావడంకంటే అది నయం. ఓపియాయిడ్ అలవాటుకు బుప్రెనార్ఫిన్ లాంటి మందు రోజూ డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే చికిత్స ఉంది, అది చావులను తగ్గిస్తుంది. "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అని బంధువులు మాన్పించకుండా చూసుకోండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు

అక్కడి లెక్క వేరు. 2022, 2023లలో ఏడాదికి లక్ష మందికి పైగా ఓవర్‌డోస్‌తో చనిపోయారు, ఎక్కువ భాగం ఫెంటనిల్ అనే చాలా గాఢమైన ఓపియాయిడ్ వల్ల. పరీక్షల కోసం స్నేహితుడి దగ్గర తీసుకున్న ఆడరాల్ (ఏకాగ్రత కోసం వాడే మాత్ర), ఆన్‌లైన్‌లో కొన్న నిద్రమాత్ర, నొప్పి మాత్ర, అచ్చం కంపెనీ మాత్రలాగే ఉండి లోపల ఫెంటనిల్ ఉండొచ్చు. ఫార్మసీ సీసాలోంచి రాని మాత్ర ఏదీ వేసుకోవద్దని, వెళ్లేముందు పచ్చళ్లు సర్దేటప్పుడే చెప్పండి. 4 మిల్లీగ్రాముల నలోక్సోన్ ముక్కు స్ప్రే 2023 నుంచి అక్కడ చీటీ లేకుండా దొరుకుతోంది. ఒక ముక్కు రంధ్రంలో ఒకటి కొట్టి, 911కు చేసి, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండో రంధ్రంలో రెండోది. చాలా రాష్ట్రాల్లో ఫోన్ చేసినవాళ్లకు గుడ్ సమారిటన్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. వీసా విషయం ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది కాబట్టి దాని గురించి తర్వాత లాయరును అడగాలి. ఆ సందేహంతో 911 ఆలస్యం చేయకూడదు.

చావు జరిగిన ఇంట్లో

ఆగస్టు 31 అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినం. 2001లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మొదలైంది, ఊదా రంగు దాని గుర్తు. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జూన్ 26న ర్యాలీలు, ప్రతిజ్ఞలు మనకు అలవాటే. ఆగస్టు 31 మాత్రం పోయినవాళ్లను తలుచుకునే రోజు. ఊళ్లో చేయాలనుకుంటే దీపాలు పెట్టండి, పేర్లు ఇంటివాళ్లు చెప్పమంటేనే చెప్పండి. కొడుకును పోగొట్టుకున్న తల్లిని వేదిక ఎక్కించి ఏడిపించడం అవగాహన కాదు. ఆమే మాట్లాడతానంటే వీడియో తీయొచ్చా అని విడిగా, ముందు రోజే అడగండి. సభ రోజు ఉదయం మనసు మార్చుకుంటే ఎందుకని అడగకండి.

ఇలాంటి చావుకు పంచనామా, పోస్టుమార్టం జరుగుతాయి. అసహజ మరణాలన్నిటికీ ఇప్పటి చట్టం, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194వ సెక్షన్ కింద జరిగే పద్ధతే ఇది. ఊరంతా చూస్తుంటే ఇంటివాళ్లకు అదో నేరం మోపినట్టుంటుంది. మార్చురీ దగ్గర ఇద్దరు పక్కన నిలబడి కాగితాల పని చూసుకుంటే ఎంతో భారం దిగుతుంది. పెద్దకర్మకు వెళ్లినప్పుడు "ఏం వేసుకున్నాడంట" అన్న ప్రశ్న మీ నోట రానివ్వకండి. "గుండెపోటు" అని ఇంటివాళ్లు చెబితే సరేననండి. అతను చిన్నప్పుడు ఏం అల్లరి చేసేవాడో, క్రికెట్లో ఏ స్థానంలో దిగేవాడో మీకు గుర్తున్నది ఒకటి చెప్పండి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే, పదిమంది వెళ్లిపోయాక, వాళ్లను బయటికి టీకి తీసుకెళ్లండి. అన్న వాడుతున్నాడని ముందే తెలిసి అమ్మకు చెప్పనిది బహుశా వాళ్లే. నెల రోజులయ్యాక ఇంకోసారి వెళ్లండి.